చదివేవాడి కుర్చీ

కొండితోపు మూడో సందులో
షట్టరు ఎత్తగానే ముందు దగ్గొచ్చింది,
ఆ తర్వాత వాసన:
తడిసిన గోనె, బెల్లప్పాకం, గోదారి లంకల ఒండ్రు.
నలభై ఏళ్లు తాళం పడి ఉన్నా
పొగాకు మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు.

"లాంతరు మార్కు మళ్లీ వస్తోందండీ" అన్నాడు
చెంగల్రాయ శెట్టి మునిమనవడు ప్రద్యుమ్న.
పెట్టె మీద అదే లాంతరు, అదే ఎర్ర అంచు.
ఒక్క చుట్ట ధర
మా నాన్న చివరిగా తెచ్చిన నెల జీతం.
నుంగంబాక్కం హోటల్లో గాజు బీరువాలో పెడతారట,
పక్కన తేమ కొలిచే ముల్లు.

"హవానాలో చూశానండీ,
చచ్చిపోయిన ఓ పాత మార్కుని బతికించారు.
చుట్టేవాళ్ల ముందు ఎత్తు కుర్చీలో కూర్చుని
ఒకాయన పేపరు చదువుతాడు.
నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లలు వాయిస్తారు.
మనమూ పెడదాం. కొత్తగా ఉంటుంది."

వజ్రమ్మ నవ్వింది.
ఎనభై రెండేళ్ల నవ్వు,
అడ్డపొగకి నల్లబడ్డ అంగిలి కనపడేటట్టు.
"కొత్తా?
శరభయ్య ఏం చేసేవోడనుకున్నావు నాయనా,
ఇదిగో, ఈ స్తంభం కాడ,
కిరసనాయిలు డబ్బా బోర్లించుకుని?"

శరభయ్య మా తాత.
అప్పటికి వజ్రమ్మ ఆకు ఈనెలు తీసే పిల్ల.
మనిషికి వారానికి అర్ధణా ఇచ్చుకునేవారట
ఆయన గొంతుకి.
బందరు తుపాను, పత్తి ధర, కోర్టు కేసులు,
ఆ పైన ఓ డిటెక్టివ్ నవల.
హంతకుడెవరో చెప్పకుండా
శనివారం సాయంత్రం మూసేసేవాడు.
సోమవారం ఒక్కరూ నాగా పెట్టేవారు కాదు.
శెట్టిగారికి అందుకే ముద్దు.

ఒకనాడు వాన, పేపరు రాలేదు.
చేతికందింది తీశాడు.
గుమాస్తా మరిచిపోయిన కూలి పద్దు.
"వెంకాయమ్మ, వెయ్యి చుట్టలు.
పనికిరానివని నూటయాభై కోత.
అదే రోజు అమ్మకం, వెయ్యి."
పేరు వెనక పేరు,
నవల చదివిన గొంతుతోనే,
హంతకుడెవరో ఈసారి చెప్పేస్తూ.

కత్తులు మోగాయి.
హార్బరు సైరన్ కూసేదాకా మోగుతూనే ఉన్నాయట.
మర్నాడు స్తంభం పక్కన డబ్బా లేదు.

కొంప కాలి ఒకడేడుస్తుంటే
చుట్టకి నిప్పడిగాడన్న సామెత
మా ఇంట్లో ఎవరూ వాడరు.

ఇరవై రెండేళ్లు నేను సెంట్రల్ స్టేషన్లో
మూడు భాషల్లో రైళ్లు ఆలస్యమని చెప్పాను.
తర్వాత ఆ పని మిషనుకిచ్చారు.
ఈ గొంతు విని ప్రద్యుమ్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు,
ఎవరి మనవరాలినో తెలియక.

టేకు కుర్చీ, లైట్లు, కెమెరా.
వ్యాసర్పాడి నుంచి ఆరుగురు ఆడపిల్లలు,
చేతులకు తెల్ల గ్లౌజులు.
వజ్రమ్మ ఒక్కతే ఉత్తి చేతులతో.
నాకు కాగితం ఇచ్చారు.
"ఒకే కుటుంబం, ఆరని దీపం" అని మొదలైంది.
రెండో వాక్యం ఎత్తుకున్నానో లేదో,
"అది గాదమ్మా" అంది తల ఎత్తకుండానే,
"వాన రోజుది చదువు."

ఆ పద్దు మా దగ్గర లేదు.
ఉయ్యాల ఊపుతూ నాయనమ్మ వల్లించిన పేర్లున్నాయి.
జోలపాటలనుకుని నిద్రపోయాను వాటికి.

కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.
"వెంకాయమ్మ, వెయ్యి. నూటయాభై కోత.
ఆదెమ్మ, తొమ్మిది వందలు. రెండు వందలు కోత.
మస్తానమ్మ..."
రైలు నంబరు చెప్పినట్టు,
ప్లాట్‌ఫారం మీద చివరి మనిషికీ అందేటట్టు.

ఎక్కడో ఒక గ్లౌజు చేతిలో కత్తి
బల్లని తాకింది, అడిగినట్టుగా.
ప్రద్యుమ్న కెమెరా ఆపమన్నాడో, ఆపొద్దన్నాడో
వజ్రమ్మ దగ్గులో వినపడలేదు.