కొండి

టవర్ క్లాక్ కాడ ఆటో ఆపి
సగం హిందీ, సగం సైగ:
ఊరంతా చూడాల, ఎంత?
పేరు చికొండి, దేశం మలావీ అంట.
వచ్చి ఏడు నెల్లయినా
కాలేజీ గేటు, మెస్సు తప్ప
అనంతపురం ఎరగడు.

పాతూరు సందులన్నీ తిప్పినా.
ఉగ్గాని బజ్జీకి కండ్లెంబడి నీళ్లు.
బండి కాడ ఏంచిన శెనక్కాయలు
అరచేతిలో నలిపి, పొట్టు ఊది
అచ్చం మా నాయన మాదిరే తినె.
"మా ఊర్లోనూ ఇదే పంట" అనె.

బడి పిల్లోళ్లు ఫోటోలకు ఎగబడిరి.
అందరికీ నవ్వుతానే ఉండాడు.
ఆ నవ్వు నాకు తెలుసు.

కువైట్లో ఆరేండ్లకు
ఒక్క శుక్రారం దొరికింది నాకు.
సముద్రం దాకా నడిస్తి,
సేటు ఇంటి అడ్రసు చీటీ
గుప్పిట్లో చెమటకు మెత్తబడేదాకా.
ఎవురు పలకరిచ్చినా
అట్లే నవ్వినా.

"కొండి అంటే మా కాడ
తేలు తోకకుండేది" అంటి.
కడుపు పట్టుకొని నవ్వె.
"చికొండి అంటే మా కాడ ప్రేమ."

పొద్దు మునిగినాక హాస్టల్ కాడ దింపి
బాడిగ పూర్తిగానే తీసుకొంటి.
ఆ శుక్రారం
నాకెవురు తగ్గిచ్చినారు?

కుట్టింది తరవాత,
వెనక సీట్లో
పొట్టు దులుపుతాంటే.