కొత్త మోకు

పోయిన మంగళవారం
చేతిరంపం పన్నొకటి పాత మోకు పైతొడుగును గీరింది.
పెద్దగా ఏం కాలేదు, తెల్లటి నూగు కాస్త లేచింది, అంతే.
సైకమోర్ కొమ్మల్లో, ఇరవై మీటర్ల ఎత్తున
ఆ నూగును చూస్తూ కాసేపు ఉండిపోయాను.
కింద ఇద్వాల్ ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుంటున్నాడు.
నేను చెప్పలేదు. అతను అడగలేదు.

శనివారం కోర్వెన్‌లో వాన.
ఎలూనెడ్ కొట్టు నిండా గొర్రెల మందు వాసన,
వెనక గోడకి తాళ్ళ చుట్టలు,
ఒక్కో చుట్ట కింద ఎన్ని కిలోలు మోస్తుందో అంకెలు.
నా బరువు అరవైమూడు. భయానికి ఇంకో పది వేసుకోండి.
"అంకెలు అన్నీ నిజమే," అంది ఎలూనెడ్,
"అయినా కళ్ళు మూసుకుని చెయ్యి చాపు."

మొదటిది బిరుసు. వంగమంటే వాదిస్తుంది.
రెండోది మరీ మెత్తన,
మెత్తగా మాట్లాడేవాళ్ళని నేనెప్పుడూ నమ్మలేదు.
మూడోది అరచేతిలో పడీపడగానే
నా వేళ్ళు నన్నడక్కుండా ముడి కట్టడం మొదలుపెట్టాయి.

కళ్ళు తెరిచాను. గులాబీ రంగు!
దాని మీద నారింజ చారలు.
తిరునాళ్ళలో పిల్లలు నాకే మిఠాయిలాగ.
ఇదే తాడు ఇంకో రంగులో లేదా అంటే
వచ్చే నెల రావచ్చంది.
వచ్చే నెలదాకా చెట్లు ఆగుతాయి, బిల్లులు ఆగవు.

పదకొండున్నర మిల్లీమీటర్ల లావు,
ఇరవైనాలుగు పేటల అల్లిక,
నలభై అయిదు మీటర్ల పొడవు,
ఒక కొసన కుట్టి మూసిన కన్ను.
ధర మాత్రం మా ఆయనకి సగమే చెప్పాను.

ఆ రాత్రి అది మా స్నానాల తొట్టిలో నానింది.
నానితేనే పైతొడుగు బిగిసి, లోపలి నారని కావలించుకుంటుంది.
ఎమ్రిస్ పళ్ళు తోముకుంటూ
"మహారాణిగారు ఎప్పుడు లేస్తారో?" అన్నాడు.
రెండు రోజులు మెట్ల కటకటాలకి వేలాడుతూ ఆరింది.
మేం పక్కకి ఒదిగి ఎక్కాం, ఒదిగి దిగాం.

పాత మోకుని గొడ్డలితో మూరెడేసి ముక్కలు చేశాను.
పక్కింటి పిల్లలు ఉయ్యాలకి అడిగారు.
ఇవ్వలేదు.
చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే దానితో చిక్కు.
నమ్మకూడనిదాన్ని
నమ్మబుద్ధేసేంత పొడవుగా వదలకూడదు.

బుధవారం, నది ఒడ్డున ఓక్ చెట్టు.
ఎండుకొమ్మలు మాత్రం తీయాలి, చెట్టు ఉండాలి.
ఇలాంటి పని ఏడాదికి నాలుగుసార్లు దొరికితే గొప్ప.
విసురుసంచీ రెండో విసురుకే పంగలోంచి దూరింది,
దాని వెంట గులాబీ రంగు పాకుతూ పైకి.
మొదటిసారి బరువంతా వదిలినప్పుడు
మోకు కిర్రుమంది, జానెడు సాగింది, ఆగింది.
నా గుండె కూడా అదే వరసలో.

కొత్తది కదా, మొదట్లో జారుడెక్కువ,
కొత్తగా పనిలో చేరిన కుర్రాడిలా
అడిగినదానికన్నా ముందే దింపేస్తుంది.
మూడో దిగుడికి నా చేతి చెమట తాగి కుదురుకుంది.
ఇక అక్కణ్ణుంచి
కొమ్మ చివరిదాకా నడిచి, కాళ్ళు వదిలేసి,
గాలిలో గిర్రున తిరిగి మాను దగ్గరకి.
తాడూ బొంగరం లేని బతుకని ఎవరైనా అంటే అననీ,
తాడు ఇదిగో,
దాని కొసన తిరిగే బొంగరం నేను.

దిగాక ఎదురుచూశాను, ఇద్వాల్ ఎప్పుడు నవ్వుతాడా అని.
అతను కొమ్మలు ఈడుస్తూ, నా వైపు చూడకుండా,
"రంగు బాగుంది," అన్నాడు.
ఇంకో కొమ్మ ఈడ్చాడు.
"పాతది ఆకుల రంగులో కలిసిపోయేది.
రెండేళ్ళుగా, మెరరిడ్,
నువ్వెక్కడున్నావో నాకు సరిగ్గా కనిపించేది కాదు."

రెండేళ్ళు.
ఆ రెండేళ్ళూ కింద నా తాడు పక్కనే
అతని మోటారు రంపం.

చుట్ట చుడుతున్నాను, మోచేతికీ బొటనవేలికీ మధ్య.
కుడివైపు ఒక చుట్టు, ఎడమవైపు ఒక చుట్టు.
ఫ్లాస్కులో మిగిలిన టీ
అతను నాకు పోశాడు.