తేటనా, ఎర్రనా

ఈ కట్ట ఏ రికార్డుల లేదు.
పహాణీల కుంట అని ఒక్క మాట,
ఎకరం ఆరు గుంటలు, అంతే.
చెరువులకు నంబర్లేసే ఆఫీసుల అడిగితే
‘మీ పట్టా, మీ మట్టి, మాకేం సంబంధం’ అన్నరు.

నేను పుట్టిన ఏడు నాయిన కట్టిండు.
గొర్ల మంద సగం అమ్మి,
నడుమల నల్లమట్టి, పైన మొరం పోయించి,
జానెడు పొరకొకసారి దున్నపోతులతోటి తొక్కించిండట.
అప్పుడు కట్ట కింద మా వరి,
వరి కింద పుల్లయ్యోళ్ళ జొన్న,
జొన్న కింద వాగు.
తెగితే కొట్టుకపోయేది మా కడుపే.

ఇప్పుడు కట్ట మీద నిలబడితే
గచ్చిబౌలి మేడల లైట్లు కుంటల తలకిందులుగ వెలుగుతయి.
జొన్నచేను ప్లాట్లయింది.
ప్లాట్లకు గోడ కట్టేటోళ్ళకు
నీలం రేకుల షెడ్లు, నలభై రెండు.
లెక్కపెట్టిన. ఎందుకో నాకే తెల్వదు.
ఒరిస్సా నుంచి వచ్చినోళ్ళు,
వాగు పారే తొవ్వలనే పండుకుంటరు.
వాళ్ళ కండ్లకు ఇది గడ్డి మొలిచిన మిట్ట.
మిట్ట అవతల నీళ్ళున్నయని
ఎవరూ చెప్పలే.
నేను కూడ.

నారేసుటానికి వచ్చిన అండాలు,
పెద్ద చెరువు నీరటి పెండ్లాము,
తూము పక్క తడి చూసి ఆగింది.
‘ఆ సర్కారు తుమ్మ కొట్టెయ్యి, వేరు కుళ్ళితే సొరంగమే.
కారుడు తప్పు కాదు బిడ్డా, మట్టికి చెమట పడతది.
చాయ్ గ్లాసుల పట్టి చూడు.
తేటగ ఉంటే పండుకో.
ఎర్రగ ఉంటే కట్ట లోపల లోపల్నే పోతున్నట్టు.
అప్పుడు నా దగ్గరికి రాకు,
కిందోళ్ళ దగ్గరికి ఉరుకు.’

తుమ్మ కొట్టలే. నీడకున్నదిలే అనుకున్న.

భాద్రపదంల మూడు రోజుల ముసురు.
రాత్రి రెండింటికి
గొంగడి, టార్చి, గ్లాసు.
తుమ్మ మొదట్ల వేలంత ధార.
పట్టిన. తేట.
పట్టిన. తేట.
నాలుగోసారి అడుగుకు
మెల్లగ దిగింది, ఆవగింజంత ఎరుపు.

మత్తడికి అడ్డం నేనే పెట్టిన ఇసుక మూటలు యాదికొచ్చినయి.
యాసంగికి ఇంకో జానెడు నీళ్ళు
ఆపుదామని పెట్టినవి.

గ్లాసు కట్ట మీద వదిలి ఉరికిన.
రేకులు దబదబ కొట్టిన.
వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు.
‘పానీ! పానీ!’ అని మొత్తుకున్న.
ఒకామె నిద్రకండ్లతోటి
లోటాల నీళ్ళు తెచ్చిచ్చింది.

తాగిన.
ఏం చెయ్యాలె, తాగిన.
తాగి, మిట్ట దిక్కు చెయ్యి చూపిన.

పిల్లలను కొత్త బిల్డింగు స్లాబు మీదికి ఎక్కించినం.
మొగోళ్ళు పారలు పట్టుకొని నా ఎనుక వచ్చిండ్రు.
మత్తడి మూటలు ఒక్కొక్కటి పీకినం.
నీళ్ళు గోడ పొంటి మోకాళ్ళ లోతు
రొద చేసుకుంట పోయినయి.
ఫోన్ల అండాలు, దగ్గుకుంట:
‘బుంగను మూయకు, మూస్తే ఇంకో దిక్కు పొడుస్తది.
ముందు ఇసుక, మీద కంకర.
నీళ్ళు రావాలె, మట్టి ఆగాలె.’
ఇసుక వాళ్ళ మేస్త్రీది. కంకర వాళ్ళ మేస్త్రీది.
పొద్దున ఆయన తిట్టిండు. పైసలిస్తనన్న. ఇంకా ఇయ్యలే.

తెల్లారేసరికి కుంట నాలుగడుగులు దిగింది.
యాసంగి లేదు ఈసారి.
బురదల ఎండ్రకాయలు బొక్కల ముందట కూసున్నయి,
వాటి ఇల్లు ఎవరో తెరిచినట్టు.

బిజయ్ అనే పిలగాడు సున్నంతోటి
గోడ మీద నా ఫోన్ నంబరు రాసిండు,
దాని కింద వాళ్ళ అక్షరాల ఒక వరుస,
అన్నీ గుండ్రటివి, తలమీద గొడుగులున్నట్టు.
చదువమన్న.
చదివిండు.
అందుల పాణి అన్న మాటొక్కటి
నాకు సమజయింది.

గ్లాసు ఇంకా కట్ట మీదనే ఉన్నది.
వాన నీళ్ళతోటి నిండింది.
పారబోసి, కడిగి,
మల్ల ధార కింద పెట్టిన.