గుండుసూది కన్నం

డాబాగార్డెన్స్‌లో మేడమెట్ల కింద కొట్టు.
మీరాసాహెబు మూడు డ్రైవులు తీసి
పేకముక్కల్లా బల్ల మీద పరిచాడు.
"ఇది చదువుతుంది. ఇది రాస్తుంది.
ఇది రెండూ చేస్తుంది గానీ చప్పుడెక్కువమ్మా."
మా జ్ఞానాపురంలో చప్పుడు కొత్తేటి?
గోడవతల రాత్రంతా గూడ్సులు
ఇనప మట్టి మోసుకుపోతాయి.
రెండూ చేసేదే ఇమ్మన్నాను.

డిస్కులు ప్లస్సా మైనస్సా అన్నాడు.
లెక్కల మేష్టారు కూడా నన్ను
అంత మొహమ్మీద అడగలేదెప్పుడూ.
"రెండూ అయిదేసి కట్టు బాబూ,
ఏది పలికితే అదే మాది."

రెండువేల నూటయాభై.
ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నాను
కొత్త బెల్లం అచ్చుకి మల్లే, ఎండ సోకకుండా.

కోదండం చొక్కా విప్పేసి
కంప్యూటరు పక్కటెముకలూడదీశాడు.
బల్లపరుపు తీగకి ఎర్ర అంచు
కరెంటు వైపుండాలని చదివాను నేను,
పట్టుకోవడం అతను.
మినపగింజంత జంపరొకటి,
అది గుచ్చిన చోటుని బట్టి
ఎవరు యజమానో ఎవరు దాసో తేలిపోతుందట.
పద్నాలుగేళ్ళ కాపురంలో తేలని సంగతి!
అది కాస్తా మంచం కిందికి దొర్లిపోయింది.
మర్నాడు చీపురుకి దొరికింది.

రాస్తున్నంత సేపూ
గదిలో ఎవరూ నడవకూడదు, మా ఇంటి నియమం.
తుమ్మొస్తే వరండాలోకెళ్ళి తుమ్మాలి.
తొంభై ఎనిమిది శాతం.
తొంభై ఎనిమిది.
తొంభై ఎనిమిదికాడ కరెంటు పోయేది.
పాడైన డిస్కులన్నీ దారాలకి గుచ్చి
మేడమీద ఎండుచేపల పైన కట్టాను.
కాకులు తమ మొహాలు తామే చూసుకుని జడుసుకునేవి.
ఆ ఏడు మా వీధిలో
చేప పోని ఇల్లు మాదొక్కటే.

ఉప్పుగాలికి ట్రే పట్టేసేది.
ఎంత నొక్కినా పళ్ళు బిగించుకునేది.
ముందు మొహాన సన్నటి కన్నముంటుంది,
ఎందుకో ఎవరూ చెప్పరు.
పైట పిన్నీసు విప్పి నెమ్మదిగా పొడిస్తే
డాక్టరు ముందు పిల్లాడిలా
నాలుక చాపేది.

ఇప్పటి కంప్యూటరుకి నోరే లేదు.
నున్నటి మొహం.
అప్పడమంత డ్రైవు కొన్నాను, బయట తగిలించేది.
మార్కరుతో "టెస్టు" అని నేనే రాసిన డిస్కు పెట్టాను.
మూడుసార్లు మూలిగి
ఇందులో ఏమీ లేదు, ఖాళీ, అంది.

కొట్లో ఇప్పుడు సాహెబు కొడుకు.
వెలుతురుకి ఎత్తి పట్టి, తిప్పి, ఊది,
"రాసిన డ్రైవుందాండీ?
ఒక్కోసారి దాని గొలుసురాత
దానికే తెలుస్తాది" అన్నాడు.

అటక మీదుంది.
హుద్‌హుద్‌లో రేకులెగిరిపోయినా అది కదల్లేదు.
ఒక్క గుడ్డకి సరిపోలేదు రజను.
ఎరుపో నలుపో తెలీని మా ఊరి పొడి
దాని లోపల కూడా కాపురముంది.
తుడిచి, తీగ తగిలించి,
పిన్నీసు పొడిచాను.
చాపింది.

తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది.
గొంతు సవరించుకుంటున్న ముసలి గుమాస్తాలాగ.
తరవాత తెర మీద
మా స్విచ్చిబోర్డు.
మా ఫ్యాను, ఒక రెక్కకి మసి.
ఎవరిదో పిల్లి.
పదకొండు నిమిషాలు, అంతే,
అద్దెకి తెచ్చిన కెమేరా పనిచేస్తుందో లేదో చూసుకున్నది.
నల్లటి జుట్టుతో కోదండం మొహం దగ్గరకొచ్చి
"ఎర్రలైటు వెలుగుతోందా?" అని అడుగుతాడు.
నేను పలకను.
కెమేరా కిటికీ వైపు తిరుగుతుంది,
గూడ్సు పోతూ ఉంటుంది.

"ఏటి, చదివిందా?"
వంటింట్లోంచి కోదండం.
ఇప్పుడూ పలకలేదు నేను.
కిటికీ అవతల బండి వెళుతోంది,
ఏ చప్పుడు లోపలిదో ఏది బయటదో
పెట్టెలెక్కపెడుతున్నాను.
ముప్ఫై ఆరుకాడ తప్పిపోయింది.

చీర జారుతోంది.
పిన్నీసెక్కడ పెట్టానో.