బ్రష్షు పురుగు

ఆదివారం కాశీబుగ్గలో కొట్టు తియ్యలేదు.
పనిపెట్టె ఇంటికే తెచ్చాను.
అందులో ఒక ఫోను,
బాగుచెయ్యమని ఇచ్చి మూడేళ్లయినా ఎవరూ తీసుకెళ్లనిది.

"నాన్నా, దీని గుండికాయి ఏది?"
ఢిల్లేశ్వరి అడిగింది.
స్క్రూలు విప్పి చూపించాను:
సెనగ్గింజంత మోటారు.
ఎవరో ఎవరినో తలుచుకున్నప్పుడల్లా
ఒక జేబులో వణికినది.
పిలిచేవాళ్లు పోయారు,
వణుకు మాత్రం మిగిలింది.

అరిగిన బ్రష్షు తల కోశాం.
పైన మోటారు, దాని పక్కన గడియారం బ్యాటరీ,
రెండు వైపులా అంటుకునే టేపు.
చక్రాలూడిన బొమ్మకారు పైకప్పు దానికి వీపు.
చప్పట్ల కోతిబొమ్మ కళ్లు
దాలిగాడే పీకిచ్చాడు, ఏడుస్తూనే.
"దీనికి సూపు కావాలి గదా."

తీగ తగలగానే జుయ్‌మంది.
గచ్చు మీద బెదిరిన బొద్దింకలా
గిర్రున తిరిగింది, ఉన్నచోటే.
"తిన్నంగా నడవదేటి?"
నాకూ తెలీలేదు.
టేపు పీకి మళ్లీ వేశాం, పోచలు వంచాం.
బ్యాటరీ ఇటు జరిపితే అటు పోయింది,
అటు జరిపితే
గోడకేసి తల బాదుకుంది.

ఒక పూట పని ముగించి మా ఆవిడొచ్చింది.
ఎంత కడిగినా జీడి మరక వదలని చేతులు.
కాసేపు నిలబడి చూసింది.
కొంగుముడి విప్పి ఒక జీడిబద్ద తీసి
ఎడమ పక్కన టేపుకి అద్దింది.
"ఇటేపు తేలిక."
అంతే.
గుడ్డునీ బద్దనీ కళ్లు మూసుకుని వేరుచేసే వేళ్లవి.

నడిచింది.
అరుగు చివరిదాకా,
పెళ్లికి పిలిచినట్టు, తిన్నంగా.

ఢిల్లేశ్వరి ఊపు మీదుంది.
"అమ్మా, పెద్దయ్యాక
పిక్కలు ఒలిసే రోబో సేస్తాను.
నీ సేతులు నల్లబడవు."

ఆమె నవ్వలేదు.
కిందటేడు ఫ్యాక్టరీలో మిషను దిగిన వారం
తన వరసలో పదకొండు పీటలు ఖాళీ అయ్యాయి.
"దానికి కూలెంతిస్తావే?"

పిల్ల నిజంగానే ఆలోచనలో పడింది.
వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి
ఏదో లెక్కేసింది.
"కూలి నీకే తెచ్చిస్తాది.
దానికి బువ్వక్కర్లేదు కదా."

ఆవిడ నావైపు చూసింది.
నేను స్క్రూడ్రైవరు వైపు చూశాను.

ఈలోగా దాలిగాడు
పురుగు వీపు మీది బద్ద తీసుకుని
తినేశాడు.
అది మళ్లీ ఉన్నచోటే
గిర్రున తిరగడం మొదలెట్టింది.