నేల గది

జీవో మంగళవారం వచ్చింది.
నాలుగు పేజీలు, మూడు సంతకాలు,
"విచారణ సంఘం ఏర్పాటు" అన్న మాట కింద
ఎవరో స్కేలు పెట్టి గీసిన గీత.
నాకు అప్పజెప్పిన పని ఒకటే వాక్యం:
గది చూడండి, కుర్చీలు చూడండి.

గుంటూరు కలెక్టరేట్లో గదులకేం కొదవ.
రెండో అంతస్తులో ఏసీ గది ఇచ్చారు,
గాజు బల్ల, సంఘం వారికి తిరిగే కుర్చీలు.
లిఫ్టుకి "మరమ్మతులో ఉంది" అన్న అట్ట
రెండేళ్లుగా వేలాడుతోంది,
దాని దారం కూడా ఒకసారి మార్చాం.

సాక్షుల జాబితా తీశాను. పదకొండు మంది.
ఆరుగురికి చక్రాల కుర్చీ.
నోటు పెట్టాను.
"ఎత్తుకొని తీసుకురావచ్చు కదా"
మార్జిన్లో పచ్చ సిరా జవాబు.
ఎవరు ఎత్తుకున్నారు, ఎక్కడ చేతులు వేశారు
అన్నదే కదండీ విచారణ,
అని రాసి, కొట్టేసి,
"నేల గది కోరడమైనది" అని మళ్ళీ రాశాను.

నేల గదినిండా పాత బ్యాలెట్ పెట్టెలు.
నేనూ, అటెండర్ సుభానీ పొద్దుగూకేదాకా మోశాం.
దుమ్ముకి తుమ్మామో
యార్డు వైపు నుంచి తోలిన మిరప ఘాటుకి తుమ్మామో తెలీదు.
గడప దగ్గర జానెడు మెట్టు.
వడ్రంగి చెక్క వాలుగా కొట్టి
తన సైకిల్ని రెండుసార్లు ఎక్కించి, దించి చూసుకున్నాడు.
బిల్లులో ఏమని రాయను అంటే
"దారి అని రాయండమ్మా" అన్నాడు.

మొదటి సాక్షి షేక్ నాగుల్ మీరా, పదిహేనేళ్లు.
పాత కాగితాల్లో మూగ అని ఉంది,
కొత్త కాగితాల్లో దివ్యాంగుడు అని ఉంది.
వినపడదని మాత్రం ఎక్కడా లేదు.
బధిరుల బడి నుంచి దీవెనమ్మ టీచరు
గొడుగు మడుచుకుంటూ వచ్చింది.
ప్రొఫార్మాలో ఒక గడి: "మౌఖిక సాక్ష్యం".
మౌఖిక కొట్టేసి "చేతుల" అని దిద్దాను.
దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం కావాలన్నారు.
చేశాను.

చేతులు లేచాయి.
ముందు మంచం. తర్వాత మంచంకోడు.
ఎడమ మణికట్టు చుట్టూ కుడిచేతి వేళ్ళు
తిరిగి, తిరిగి, ముడి.
దీవెనమ్మ గొంతు ఒక వాక్యం వెనకబడింది.
స్టెనో వేళ్ళు గాల్లోనే ఆగాయి.
ఒకటో తారీకు, అన్నాయి చేతులు.
ఒకటో తారీకున మాత్రం స్నానం,
ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల,
పింఛను ముద్రకి.
బొటనవేలు ఒక్కటీ నిలబెట్టి
మిగతా ఒళ్ళంతా వద్దన్నట్టు
ఆ పిల్లాడు చెయ్యి విదిలించాడు.

ఆ ఇల్లు నాకు తెలుసు.
గడపకి పసుపు, గోడకి మెచ్చుకోలు పత్రం,
పెరట్లో తాళం వేసిన గది.
అప్పుడు నేను సంక్షేమ శాఖలో ఉన్నాను.
మూడు నెలలకోసారి తనిఖీ.
రెండుసార్లు నేనే వెళ్ళాను,
నిమ్మకాయ సోడా ఇచ్చారు,
బాబు నిద్రపోతున్నాడన్నారు,
నిద్రపోయేవాణ్ణి లేపడం దేనికని
ఎండకి ముందే ఆటో ఎక్కాను.

భోజనాల వేళ రికార్డు రూము తాళాలు అడిగాను.
దొరికింది. ఏడో కట్ట, అడుగున.
"పరిస్థితి సంతృప్తికరం."
దస్తూరీ గురించి సందేహం లేదు,
త కింద వట్రసుడి
నేనెప్పుడూ కాస్త పొడుగ్గా లాగుతాను.

ట్యాగు కట్టి ఫైలులో పైన పెట్టాను.
"ఇది ఎవరి తరఫున?" అన్నారు అధ్యక్షులు.
జాబితాలో పదకొండో పేరు కింద
పన్నెండు వేసి
నా పేరు రాశాను.
నాగుల్ మీరా నా వైపు చూశాడు.
గుర్తుపట్టాడో లేదో చెప్పలేను,
వాడు నిద్రపోతున్నాడు కదా.

సాయంత్రం చెక్క మీద చక్రాల బురద గీతలు.
పెట్టెలు లోపల పెట్టేయనా, అడిగాడు సుభానీ.
ఇంకా పదిమంది ఉన్నారన్నాను.
సుభానీ జాబితా అందుకొని
వేలితో ఒక్కో పేరూ తాకుతూ వచ్చి
"పదకొండండీ" అన్నాడు.