తెంపురా

పలాసలో మూతబడ్డ జీడి బట్టీ.
గోడలకింకా తొక్కనూనె వాసన.
లోపల పదకొండు వెల్డింగ్ బూత్‌లు, ఒక్క ఫ్యాను.
జపాన్ నుంచి వచ్చిన మోరిత సారు
ముసుగు దించి, రాడ్డు గీసి,
చెవి దగ్గర వేలు పెట్టి అన్నాడు:
"తెంపురా."

తవిటినాయుడు మంట తెంపేశాడు.
సారు తల అడ్డంగా ఊపి మళ్లీ అంటించాడు.
"తెంపురా!"
ఈసారి వైరే పీకేశాడు.

దుబాసీ అమ్మాయి జ్వరమని రాలేదు.
అతకడం నేర్పడానికి ఇంత దూరం వచ్చి
తెంపమంటాడేటని
మాలో మేం గొణుక్కున్నాం.

భావనపాడు ఢిల్లేశ్వరి మాత్రం
కళ్లు మూసుకుని వింటోంది.
"ఆగండ్రా.
మాయమ్మ మూకుట్లో బజ్జీ ఏసినప్పటి సద్దు కాదేటిది?
నూనె కాగకపోతే సప్పుడుండదు,
మాడితే పేలతాది.
ఇది సరిగ్గా ఏగుతున్న సద్దు.
ఆల దేశంలో బజ్జీకి అదే పేరేమో."

తనే గీసింది.
చిటచిటా, సన్నగా, ఎక్కడా ఆగకుండా
ఇనుము మీద చీమలబారులా నడిచింది అతుకు.
సారు ముసుగెత్తాడు.
కళ్లలోకి దిగిన చెమట తుడుచుకోవడం మర్చిపోయాడు.

నెలాఖరుకి కాగితాలిచ్చారు,
రెండు దేశాల ముద్రలతో.
ఏ ఊళ్లో ఏ షెడ్డు మమ్మల్ని రమ్మంటుందో
వాటిమీద రాయలేదు.

ఆ సాయంత్రం కాంప్లెక్సు ముందు బజ్జీల బండి దగ్గర
తవిటినాయుడు చెవొగ్గి విని
"అన్నా, ఆంపియర్లెక్కువైనాయి" అంటూ
స్టవ్వు తగ్గించాడు.

"ఉజ్జోగం ఒచ్చిందేటి బావూ?"

"ముందు సద్దొచ్చింది."